ఛత్రసేనలో మా చినతాతగారు

మన వార్షిక మహాసభల సంచికలలో నింతవఱకు ప్రకటింపబడిన పూర్వుల చరిత్రములను దిరుగవేసినచో వానియందు దాతలు గలరు, న్యాయవాదులు గలరు, సత్రములును చెఱువులును గట్టించిన పుణ్యాత్ములు గలరు, 1930లోను 1942లోను కారాగృహమున కేగిన దేశభక్తులును గలరు. సిపాయి యొక్కడును గానరాడు. మనలో సిపాయిలు లేకపోలేదు. తెల్లదొరల కొలువున నుండినవానిని ఏ పుటలో నిలుపవలయునో తోచక మనమే విడిచిపెట్టితిమి. ఈ యేడు సంపాదకవర్గమువారు నన్నొక చారిత్రక వ్యాసము వ్రాయుమని కోరిరి. మా పితామహుని తమ్ముడు 1942 మొదలు 1946 వఱకు భారత సైన్యమున నుండి, అందు పారాచూటు దళమునకు జేరిన వైద్యపటాలమున బనిచేసెను. ఆయనను గూర్చియే వ్రాయ నిశ్చయించితిని.

ఈ వ్యాసమునకు ముఖ్యాధారము పదునొకండు జాబులు. అవి చినతాతగారు మా తాతగారికి వ్రాసినవి. సైనికుల యుత్తరములను బరిశీలించు నధికారి యూరి పేరు కనబడినచోట నెల్ల నల్లసిరా పూసియుండుటచే, వానిలో స్థలములు లేవు. తేదీలు మాత్రము గలవు. ఆ తేదీలను యుద్ధానంతరము వెలువడిన సేనాచరిత్రములతో సరిపోల్చియు, నా చిన్నతనమున ఆయన నోట వినిన మాటలను జ్ఞప్తికి దెచ్చుకొనియు దీనిని గూర్చితిని.

సైన్యముతో తెలుగువారి సంబంధము క్రొత్తది కాదు. ఉత్తర హిందూస్థానమున సిపాయిని "తిలంగా" యని పిలుచు వాడుక యొకటి యుండెడిది. ఈస్టిండియా కంపెనీవారి తొలి పటాలములలో తెలుగువారు విశేషముగా నుండుటచే పుట్టిన యా పేరు తరువాత కంపెనీ యుడుపు దొడిగిన ప్రతివానికిని జెల్లెను. మన విశాఖపట్టణముననే 1780లో సర్కారు పటాలపు సిపాయిలు, హైదరాలీతోడి యుద్ధమునకై యోడనెక్కి మద్రాసు పోవలయునను నుత్తరువును ధిక్కరించి తిరుగబడిరి. కావున విధేయతయు నవిధేయతయు రెండును మన తీరమున బాతవియే. అట్టి తెలుగువారిని పందొమ్మిదవ శతాబ్దపు చివఱ సైన్యము క్రమముగా దూరముంచెను. లార్డు రాబర్ట్సు మొదట మద్రాసు సేనకును, పిమ్మట 1885 మొదలు 1893 వఱకు హిందూదేశ సేనలన్నింటికిని నధిపతియై యుండిన కాలమున "యుద్ధజాతులు" అను సిద్ధాంతము బలపడెను. దాని ప్రకారము వాయవ్యపు కొండజాతులును, పంజాబీలును, గూర్ఖాలును మాత్రమే వీరులు, దక్షిణాదివారు కారు. 1928 నాటికి మద్రాసు పదాతి రెజిమెంటే రద్దయ్యెను. ఏ జాతి పేరు సిపాయికి పర్యాయపదమైనదో ఆ జాతికి శౌర్యము లేదనుట విన్నచో నిఘంటుకారునకును నవ్వు వచ్చును. రెండవ మహాయుద్ధము వచ్చి మనుష్యుల యవసరము పెరిగిన వెంటనే యా సిద్ధాంతము మఱుగునబడెను. 1941లో మద్రాసు రెజిమెంటు మరల నిలుపబడెను. ఆ యుద్ధమున భారత సైన్యము ఇరువదియైదు లక్షలకు బెరిగినది.

ఆ దినములలో విశాఖపట్టణపు స్థితి యెట్లుండెనో నేటి యువకులకు దెలియదు. నౌకాశ్రయము 1933లో తెఱవబడి యప్పటికి పదియేండ్లయినను గాలేదు. ఈ తీరమున పని దొరకనివాడు స్టీమరెక్కి బర్మాకు బోవుట వాడుక. రంగూనును మనవారు "రంగము" అనెడివారు. అచ్చటివారు మనవారిని, కాకినాడకు సమీపమున నున్న కోరంగి రేవును బట్టి, "కోరంగీలు" అనెడివారు. ఓడరేవులో బరువులు మోయుటకును, బియ్యపు మిల్లులలో పనికిని పోయిన తెలుగువారు లక్షకు మించి యచ్చట నుండిరి. 1941 డిసెంబరు 23వ తేదీన జపానువారు రంగూనుపై బాంబులు వేసిరి. తరువాతి కొన్ని నెలలలో సుమారు అయిదు లక్షల భారతీయులు బర్మాను విడిచిరి. ఓడలలో చోటు దొరకనివారు ఆరకాను కొండలమీదుగాను, తాము–ఇంఫాల్ త్రోవనుపట్టియు కాలినడకను వచ్చిరి. వేలకొలది జనులు దారిలోనే కలరా చేతను, ఆకలి చేతను మరణించిరి. మా చినతాతగారి మేనబావ రంగమున బియ్యపు మిల్లు గుమాస్తా. ఇంఫాల్ త్రోవను నడచివచ్చినవారిలో నొకడు.

1942 ఏప్రిలు 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణముమీదను, కాకినాడమీదను బాంబులు వేసెను. పట్టణము సగముకంటె నెక్కువగా ఖాళీయయ్యెను. బండ్లమీదను, నెత్తిమూటలతోడను జనులు పల్లెలకు దరలిరి. నాడు పడిన బాంబు నొకదానిని నేటికిని విశాఖ మ్యూజియములో జూడవచ్చును. చినతాతగారు భర్తీయైనది ఆ సంవత్సరముననే. అప్పటి కాయన పందొమ్మిదేండ్లవారు. స్కూలు ఫైనలు ప్యాసయి యుద్యోగము లేక యుండిరి. ఏల చేరితిరని నేనడిగినప్పుడెల్ల వేఱువేఱు జవాబులు చెప్పెడివారు. ఒకమాఱు జీతమనిరి. మఱియొకమాఱు, "మా బావ కాళ్లు చూశానురా బాబూ, పాదాల కింద చర్మం లేదు. ఆ కాళ్లు చూసిన మర్నాడే పేరిచ్చాను" అనిరి. రెండును సత్యములే యయియుండును.

మా తాతగారు ఖద్దరు ధరించువారు. ఆగస్టులో "క్విట్ ఇండియా" తీర్మానము వచ్చినపుడు తమ్ముడు లక్నోలో సైనిక వైద్యశిక్షణలో నుండెను. తమ్మునికి ఆయన వ్రాసిన చివరి జాబు ఆ నెలలోనిదే. ఆ తరువాత నాలుగేండ్లు తమ్ముడు వ్రాయుచునే యుండెను; అన్న ప్రత్యుత్తర మీయలేదు. అయినను ఒక్క జాబును బాఱవేయలేదు. వానిని పాత ధోవతి ముక్కలో జుట్టి మందసములో నుంచిరి. ఆ యన్నదమ్ములను గూర్చి నాకు దెలిసిన దిదియే. ఇంతకుమించి వారు మాకు జెప్పలేదు.

పారాచూటు సంగతికి వత్తును. నాటి తెలుగు పత్రికలలో దానిని గాలిగొడుగని కొందఱు వ్రాసిరి. సేనలో హిందూస్థానీవారు "ఛాతా" యనెడివారు. అది మన ఛత్రశబ్దమే. ఛద్ ధాతువునకు కప్పుట యని యర్థము. పాణిని ఛత్రశబ్దమునుండియే ఛాత్రశబ్దమును సాధించెను. గురువు దోషములను గొడుగువలె కప్పువాడు ఛాత్రుడని వ్యాఖ్యాతలు. ముప్పదియైదేండ్ల యుపాధ్యాయత్వమున అట్టి ఛాత్రులను నేను మిక్కిలి తక్కువగా జూచితిని. కాని మా చినతాతగారు రెండర్థములందును ఛాత్రులే. తమ యధికారుల తప్పులను వారెన్నడును బయటబెట్టలేదు.

భారత సైన్యమున 50వ పారాచూటు బ్రిగేడు 1941 అక్టోబరులో ఢిల్లీయందు నెలకొల్పబడెను. అందు మూడు పటాలములు: 151వది బ్రిటిషువారిది, 152వది భారతీయులది, 153వది గూర్ఖాలది. తొలి దూకుళ్లు ఆ నెల 15వ తేదీన కరాచీలో జరిగెను. భారతీయులలో మొట్టమొదట దూకినవారు 152వ పటాలపు వైద్యాధికారియగు ఏ. జి. రంగరాజును, హవల్దారు మేజరు మథురాసింగును. రంగరాజు దాక్షిణాత్యుడు. యుద్ధజాతుల సిద్ధాంతమునకు ఆకాశమునుండి వచ్చిన సమాధానమని దీనిని నేనెంచుదును. ఆరంభదశలో వారికి తగినన్ని గొడుగులు గూడ లేకుండెను. విమానము పాత వాలెన్షియా, దాని నేలలో నొక బెజ్జము, దానినుండి జాఱిపడవలెను. గొడుగు త్రాడు విమానమునకే కట్టబడియుండి, మనిషి క్రిందికి బోయినకొలది దానంతట నదే గొడుగును విప్పును. తరువాత హడ్సను, డకోటా విమానములు వచ్చినవి. ద్వారమునుండి దూకుట వచ్చినది. శిక్షణశాల 1942 చివఱ రావల్పిండి సమీపమున నున్న చక్లాలాకు మాఱెను. చినతాతగారు దూకుట నేర్చిన దచ్చటనే.

ఆయన చేరిన దళము 80వ పారాచూటు ఫీల్డు అంబులెన్సు. ఇది బండి కాదు; యుద్ధభూమిలో గాయపడినవారిని మోసికొనివచ్చి కట్లుగట్టి శస్త్రచికిత్స చేయు వైద్యపటాలము. అందు ఆయన నర్సింగు అర్దలీ. స్వచ్ఛందముగా ముందుకు వచ్చినవారినే తీసికొనెడివారు. దూకువారికి జీతముపై కొంత యధికముగ ముట్టెడిది. గోధుమరొట్టె తినలేక పడిన బాధను, రోమను లిపిలో వ్రాసిన యుర్దూను నేర్చుకొనిన తంటాను ఆయన వ్రాసినంత విపులముగా దూకుటను గూర్చి వ్రాయలేదు. దూకుటను గూర్చి యొక వాక్యమే యున్నది: కన్నులు మూసికొని వెళ్లితిననియు, తెఱచునప్పటికి తలపై తెల్లని గొడుగుండెననియు.

ఇక సాంగ్‌షాక్. 1944 ఫిబ్రవరి, మార్చి మాసములలో 50వ బ్రిగేడును అడవియుద్ధపు టభ్యాసమునకని మణిపురమునకు బంపిరి. గూర్ఖాల పటాలమొకటి వెనుకబడెను. బ్రిటిషు పటాలము మునుపే పశ్చిమాసియాకు బంపబడియుండెను. విమానములనుండి దూకుట నేర్చినవారు లారీలలోను, కాలినడకను ఉఖ్రూల్ కొండలకు వచ్చిరి. అదే సమయమున జపానువారు చింద్విన్ నదిని దాటి ఇంఫాల్, కోహిమాలమీదికి వచ్చుచుండిరి. ఇంఫాలునకు ఈశాన్యమున నున్న యా కొండలలో అంతటి సేన వచ్చునని మన యధికారు లనుకొనలేదు.

మార్చి 19వ తేదీన 152వ పటాలములోని యొక కంపెనీ ఉఖ్రూలు తూర్పున నున్న గుట్టపై జపాను 58వ రెజిమెంటును మొదట నెదుర్కొనెను. మఱునాటి యుదయమునకు ఆ కంపెనీ సుమారు నూట డెబ్బదిమందిలో తిరిగివచ్చినవారు ఇరువదిమంది మాత్రమే. బ్రిగేడు నాయకుడగు హోప్ థామ్సను మిగిలినవారి నందఱిని సాంగ్‌షాక్ అను తాంగ్‌ఖుల్ నాగాల గ్రామమునకు జేర్చెను. గుట్టమీది యా గ్రామమున నొక క్రైస్తవ దేవాలయముండెను. దాని చుట్టును సుమారు 800 గజముల పొడవును, 400 గజముల వెడల్పును గల స్థలమున రెండువేలమంది వఱకు జొచ్చిరి. వారిలో ఛత్రసైనికులేకాక మహారాష్ట్ర పటాలమువారును, నేపాలు సిపాయిలును, కొండఫిరంగుల దళమువారును నుండిరి. నేల రాయి, మూడడుగులకంటె లోతుగా గోయి త్రవ్వ వీలుపడలేదు. ముండ్లతీగ లేదు. నీరు మిక్కిలి కొఱత. గొడుగులతో విమానములు జారవిడిచిన యాహారమును, మందులును, గుండ్లును చాలవఱకు శత్రువుల పక్షమున బడెను. ఆ యుద్ధమున విప్పుకొనిన గొడుగులు ఆ మూటలవి మాత్రమే, మనుష్యులెవ్వరును దూకలేదు.

అంబులెన్సువారికి గోడలు లేవు, కప్పు లేదు. తక్కువ లోతు కందకములలో గాయపడినవారిని బరుండబెట్టిరి. చికిత్స పొందుచున్నవారికే మరల గాయములు తగిలెను. యుద్ధము 22వ తేదీ మొదలు 26వ తేదీ వఱకు రాత్రింబవళ్లు సాగెను. చినతాతగా రాయుధము పట్టినవారు కారు గాన శత్రువును జూచినదాని కంటె క్షతగాత్రులను జూచినదే యెక్కువ. ఆయన నాకు జెప్పిన వానిలో నేను మఱువలేనిది నీళ్ల సంగతి. మంచినీరు గాయపడినవారికే యని యుత్తరువు. దానిని పంచుట వీరి పని. "ఎవడికి ఎన్ని చుక్కలు పొయ్యాలో నేను తేల్చాలి, బాబూ. బతికేవాడికా, పోయేవాడికా? పందొమ్మిది ఇరవై ఏళ్లవాడిని, నాకేం తెలుసు?" అని యనెడివారు. ఎట్లు తేల్చితిరని నేనడుగలేదు. ఆయనయు జెప్పలేదు.

ఆ యుద్ధమున నొక ముఖ్య సంఘటన జరిగెను. చనిపోయిన యొక జపాను అధికారివద్ద గుర్తులుగల పటము దొరకెను. ఉఖ్రూలుమీదుగా కోహిమాకు బోవు వారి వ్యూహమంతయు నందుండెను. దాని ప్రతులను శత్రువుల నడుమనుండి ఇంఫాలునకు జేర్చిరి. 26వ తేదీ దేవాలయపు ప్రాంతము చేతులు మాఱుచు, మరల స్వాధీనమగుచు, ఘోరసంగ్రామము జరిగిన పిమ్మట, ఆ రాత్రి స్థలమును విడిచి రమ్మని ఇంఫాలునుండి యుత్తరువు వచ్చెను. చీకటిలో కొండలు దిగి దక్షిణముగాను, పిదప పడమరగాను నడువవలెను. నడువగల గాయపడినవారిని నడిపించిరి, కొందఱిని మోసిరి, మోయజాలని వారిని విడిచి రావలసివచ్చెను. చినతాతగారు ఒక మహారాష్ట్ర సిపాయిని మఱి ముగ్గురితో గూడి మోసిరి. మూడవనాడు ఇంఫాలు మైదానమున దింపునప్పటికి అతడు బ్రతికియే యుండెను. అతని పేరు ఆయనకు దెలియదు.

సాంగ్‌షాక్‌లో మన పక్షమున హతులు, క్షతగాత్రులు, తప్పిపోయినవారు సుమారు ఆఱువందలమంది. స్థలము పోయెను గాన అప్పుడు దానిని ఓటమిగానే యెంచిరి. బ్రిగేడు నాయకుడు నిందకు లోనై పదవిని గోల్పోయెను. తరువాతనే దాని విలువ తెలియవచ్చెను. కోహిమాకు బోవలసిన జపాను దళమొకటి సాంగ్‌షాక్ దగ్గఱ వారము దినములు నిలిచిపోయెను. దానికి ప్రాణనష్టమును విస్తారముగా గలిగెను. కోహిమా ముట్టడి ఏప్రిలు ప్రారంభమున గాని మొదలుకాలేదు. ఆ వ్యవధిలో ఇంఫాలునకు విమానములమీద సేన తేబడెను. ఆగస్టులో సేనాపతి స్లిమ్ ఆ బ్రిగేడునకు గృతజ్ఞత దెలుపుచు ఉత్తరువు ప్రకటించెను.

1945 మే 1వ తేదీన రంగూను నదీముఖమున ఎలిఫెంటు పాయింటుమీద గూర్ఖా ఛత్రసైనికులు దూకిరి. 80వ అంబులెన్సునుండి కొందఱు వారితో బోయిరి. చినతాతగారు వారిలో లేరు. అప్పటికే జపానువారు రంగూనును విడిచిపోయిరి. మే 3వ తేదీన మన సేన ప్రవేశించెను. "రంగం చూడకుండానే యుద్ధం అయిపోయింది" అనెడివారు.

ఆయన 1946లో విడుదలపొంది యింటికి వచ్చిరి. యుద్ధకాలపు స్వల్పసేవకు పింఛను లేదు. పతకములు పెట్టెలో బడెను. వీథిలోనివా రడిగినది ఒక్కటే ప్రశ్న: ఎక్కడ దూకితివి? శిక్షణలో దప్ప యెక్కడను దూకలేదని చెప్పగా వారికి నిరుత్సాహము గలిగెడిది. రామాయణమున ఆంజనేయుడు మహేంద్రగిరినుండి దూకుటయు గలదు, యుద్ధభూమిలో పడినవారికై ఓషధీపర్వతమును మోసితెచ్చుటయు గలదు. మహేంద్రగిరి మన పొరుగున నుండుటవలన గాబోలు, మనవారు దూకుటను మాత్రమే యడుగుదురు.

అంతకంటె గట్టి ప్రశ్న మా తాతగారి మౌనములోనిది. 1944 ఏప్రిలు 14వ తేదీన, సాంగ్‌షాక్ ముగిసిన మూడువారములకు, అదే మణిపురములోని మొయిరాంగులో ఆజాద్ హింద్ ఫౌజు వారు త్రివర్ణపతాకము నెగురవేసిరి. ఆ ఫౌజులో బర్మా మలయాలలోని తెలుగువారును గలరు. రంగములో చిక్కుకొనినవాడు అటు, విశాఖపట్టణమున మిగిలినవాడు ఇటు. ఎవడే పక్షమున నుండెనో అనేకులకు ఓడ టిక్కెట్టు నిర్ణయించినది. చినతాతగారిని స్వాతంత్ర్యయోధుల పట్టికలో జేర్చుమని నేనడుగను; ఆయనయు నడుగలేదు. రాజభక్తులనుటయు సత్యము కాదు. వేలూరు, కొల్హాపురము, గూర్ఖా కొండలు, పంజాబు, అన్ని చోట్లనుండి వచ్చి పడియున్నవారికి నీళ్లు పంచిన మనిషిని దేశద్రోహి యనుట నా మనస్సున కెక్కదు. తెల్లవాని జీతము దిన్నాడు గదా యని నేటికిని ననువారు మన బంధువులలో గలరు. అట్లైన జిల్లా కోర్టులలో వాదించిన మన వకీళ్లు, సర్కారు పాఠశాలలలో చెప్పిన పంతుళ్లు ఎవరి జీతము దినిరి? వారి ఛాయాచిత్రములు మన సంచికలలో గలవు.

స్వతంత్ర భారతమున ఈ విద్య పోలేదు. తొలి దూకుడు దూకిన రంగరాజే 60వ పారాచూటు ఫీల్డు అంబులెన్సునకు నాయకుడై 1950 నవంబరులో కొరియాకు బోయెను. డిసెంబరులో ప్యాంగ్యాంగును విడిచిపోవలసివచ్చినపుడు ఆ దళమువారు తమ సామగ్రిని వదలుకొనక, విడువబడిన యొక రైలుయింజనునకు చేతితో నీళ్లు మోసిపోసి నడుపుకొనిపోయిరి. 1951 మార్చి 23వ తేదీన మున్సానీలో అమెరికా ఛత్రసైనికులతోపాటు రంగరాజును మఱి పదునొకొండుగురును దూకి గాయపడినవారికి శస్త్రచికిత్సలు చేసిరి. ఆయనకు మహావీరచక్ర మొసగబడెను. ఆ వార్త వచ్చిన పత్రికముక్కను చినతాతగారు తమ విడుదల కాగితముతోపాటు దాచుకొనిరి. పక్కన పెన్సిలుతో "మా విద్యే" యని వ్రాసికొనిరి.

ఆయన 1983లో గాలధర్మము నొందిరి. చివరి యేండ్లలో గాజువాకవైపు ఉక్కు కర్మాగారమునకు భూములు చదునుచేయు యంత్రముల చప్పుడు విని రాత్రులు లేచి కూర్చుండెడివారు. ఇంఫాలులో దహనము పొందిన ఎనిమిదివందల పైచిలుకు భారతసైనికుల పేర్లు చెక్కిన స్మారకమున్నది. రంగూను సమీపమున తౌక్యాన్‌లో సమాధియే లేనివారి పేర్లు సుమారు ఇరువదియేడువేలు గలవు. తెలుగు పేర్లు వానిలో నుండును. వెదకుటకు మాత్రము ఇంటిపేరును, సంఖ్యయు, పటాలమును తెలియవలెను.

కావున సంఘసభ్యుల కొక మనవి. మీ యిండ్లలో పాత పెట్టెలు గలవు. వానిలో విడుదల కాగితము, జీతపు పుస్తకము, నల్లసిరా పూసిన జాబు, పతకము ఏది దొరకినను దయచేసి సంఘ కార్యాలయమునకు దెండు. ప్రతులు తీయించుకొని అసలువానిని అక్కడికక్కడే తిరిగి యిచ్చుటకు కార్యదర్శిగా రొప్పుకొనినారు. పెద్దవారు జీవించియున్నయెడల నేనే మీ యింటికి వచ్చి వారు చెప్పినది వ్రాసికొందును. చినతాతగారి పదునొకండు జాబుల ప్రతులును, పత్రికముక్క ప్రతియు నిప్పటికే కార్యాలయమున నొసగితిని. మా తాతగారు చుట్టియుంచిన ధోవతిముక్కను మాత్రము మాయింటనే యుంచుకొంటిని.